చించిల్లాకు పసుపు వైద్యం

2021 వేసవిలో నేను దుబాయ్ అల్ కుసైస్‌లోని ఒక పెంపుడు జంతువుల క్లినిక్‌లో సీనియర్ వెటర్నరీ డాక్టరుగా ఉన్నాను. ఏలూరు దగ్గర పశువుల ఆస్పత్రిలో గేదెలకు సూదులు పొడిచిన చేతులకు అక్కడ 'ఎగ్జోటిక్స్' విభాగం అప్పగించారు. అంటే కుక్క, పిల్లి, గుర్రం కాని ప్రాణి ఏదొచ్చినా నా బల్ల మీదికే వచ్చేది. చిలకలు, తాబేళ్లు, అప్పుడప్పుడు చించిల్లాలు.

చించిల్లాకు తెలుగులో పేరు లేదు. దక్షిణ అమెరికా చలి కొండల్లో పుట్టిన జాతి, ఉడుతకూ కుందేలుకూ మధ్య సైజు. చర్మంలో ఒక్కో రంధ్రం నుంచి పదుల కొద్దీ వెంట్రుకలు మొలుస్తాయి. ఆ మెత్తటి బొచ్చుతో కోట్లు కుట్టించుకోవడానికి మనుషులు దాన్ని వేటాడి దాదాపు తుడిచిపెట్టేశారు. అంత బొచ్చున్నది గల్ఫ్‌లో బతకాలంటే రోజంతా ఏసీ ఉండాల్సిందే. నీళ్ల స్నానం పనికిరాదు, సన్నటి బూడిదలో పొర్లి శుభ్రపడుతుంది.

ఒక మధ్యాహ్నం మల్లేశ్ అనే అతను పంజరంలో ఒక చించిల్లాను తెచ్చాడు. ఒక అరబ్బుల ఇంట్లో పనిచేస్తాడు; జగిత్యాల వైపు మనిషని తర్వాత తెలిసింది. ఊరెళ్లిన ఇంటివాళ్లు మర్నాడు తిరిగొస్తున్నారు. జంతువు తిండి మానేసి రొప్పుతోంది. వీపు మీద ఒకచోట బొచ్చు లేదు, అక్కడి చర్మం పచ్చగా ఉంది. పెదవులూ చిగుళ్లూ అంతే. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నా జూనియర్ డాక్టరు కామెర్లంది. కాలేయ పరీక్షకు రక్తం తీయాలంటే ముందు మత్తివ్వాలి. ఆ నీరసంలో మత్తిస్తే అది మళ్లీ లేవకపోవచ్చు. ఏం జరిగిందని హిందీలో అడిగితే మల్లేశ్ "మాలూమ్ నహీ సాబ్" తప్ప మరో మాట అనడు.

మత్తు సూది సిద్ధమవుతుండగా గుండె చప్పుడు వినడానికి వంగాను. గుప్పున కొబ్బరినూనె వాసన, దాంతోపాటు మా వంటింటి వాసన. నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. సూది పక్కన పెట్టమని చెప్పి తెలుగులో అడిగాను: "పసుపేమైనా పెట్టావా?"

తెలుగు వినేసరికి అతను ఇక ఆగలేదు. "పెట్టిన సార్. పింజ్ర కడుగుదామని తీస్తే ఉరికింది. బాల్కనీల ఎండకు పోయింది. పట్టుకుంటే తోలు ఊడి చేతికొచ్చింది. సచ్చిపోతదేమోనని పసుపు, నూనె కలిపి రాసిన. వీసా ఇచ్చిన కఫీల్‌కు తెలిస్తే నా నౌకరీ ఖలాస్ సార్."

ఊడింది తోలు కాదు, బొచ్చు. ఎవరైనా పట్టుకుంటే ఆ కుచ్చు వాళ్ల చేతిలోనే వదిలేసి పారిపోవడం చించిల్లా ఆత్మరక్షణ. కొన్ని వారాల్లో మళ్లీ మొలుస్తుంది. గాయమే లేదు. రాసిన పసుపు నాకడంతో నోరు పచ్చబడింది. ఇదంతా చెప్పాక మల్లేశ్ "నిజంగనా సార్?" అని రెండుసార్లు అడిగాడు.

మిగిలింది ఎండదెబ్బ. చల్లటి గదిలో ఉంచి చర్మం కిందికి సెలైన్ ఎక్కించాం. నూనె పీల్చుకోవడానికి మొక్కజొన్న పిండి అద్ది, తేరుకున్నాక బూడిద పళ్లెంలో వదిలాం. సాయంత్రానికి ఎండుగడ్డి కొరికింది. అప్పటికి గానీ నా ప్రాణం కుదుటపడలేదు. ఇక మల్లేశ్ సంగతి చెప్పనక్కర్లేదు.

ఆ ఇంటి మేడమ్‌కు చెప్పొద్దని అతను బతిమాలాడు. పచ్చటి వీపు కళ్లెదుట కనిపిస్తుంటే ఏం దాస్తామన్నాను. మర్నాడు ఆవిడ వచ్చినప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పాను. అతను వెంటపడి పట్టుకోకపోతే ఆ ఎండలో అది బతికేది కాదని కూడా చెప్పాను. ఆవిడ ఆ మచ్చను కాసేపు చూసి, చిన్నప్పుడు మోకాలు కొట్టుకుపోతే తన అమ్మమ్మ కూడా ఇదే రాసేదని ఇంగ్లీషులో చెప్పి నవ్వేశారు. మల్లేశ్ వైపు తిరిగి, "యల్లా మల్లేశ్, పింజ్రా ఉఠావ్" అన్నారు. అతను ఆ పంజరాన్ని రెండు చేతులా గుండెకు ఆనించుకుని ఆవిడ వెనకే వెళ్లాడు.

భయంతో వచ్చిన మనిషి తాను చేసిన సొంత వైద్యాన్నే ముందు దాస్తాడు. అందుకే ఆ తర్వాత రిటైరయ్యే దాకా, క్షణాల మీద ఉన్న కేసయితే తప్ప, జంతువును తెచ్చినవాడి భయం తీర్చకుండా నేను సూది ముట్టుకోలేదు.