గిల్దో ట్యూబాకు ధర కట్టిన రోజు

మా ఊరు ఎస్క్వినాపా బ్యాండులో గిల్దో ట్యూబా అనే పెద్ద ఇత్తడి బూర ఊదినన్నాళ్లూ తప్పు వాయించాలంటే మాకు భయం. క్లారినెట్ కాస్త కీచుమంటే చాలు, పెళ్లి మధ్యలోనే ఊదడం ఆపేసి, "ఎవడ్రా అది, పిల్లి తోక తొక్కింది?" అని అందరికీ వినబడేలా అడిగేవాడు. నేను డోలు వాయించేవాణ్ణి. నావి రొట్టెలు తట్టే చేతులనేవాడు. మేనల్లుడు క్రిసోఫొరోకు బాకా నేర్పిందీ ఆయనే, నేర్పుతూ గోళ్లు నల్లబడేలా వేళ్ల మీద కొట్టిందీ ఆయనే. ఆ మేనల్లుడే పెద్దయ్యాక మా బ్యాండుకు నాయకుడయ్యాడు.

పగలు ఉప్పుటేట్లో రొయ్యలు పట్టేవాడు గిల్దో. ఆ ట్యూబా, జర్మన్ షావుకారొకడు చనిపోతే అతని సామాన్ల వేలంలో వాళ్ల నాన్న కొన్నది. ఒళ్లంతా అతుకులు, చిలుము. అయినా దాన్ని భుజానికి చుట్టుకుని ఊదితే వీధిలో కుక్కలు లేచి నిలబడేవి.

ఒక ఏడు ఆయన పై పళ్లు రెండు ఊడిపోయాయి. అప్పట్నుంచి ట్యూబాలో పాట కంటే గాలే ఎక్కువ వినబడేది. "అతుకుల దగ్గర ఎక్కడో గాలి పోతోంది" అంటూ గిల్దో దానికి మైనం పూశాడు, గుడ్డలు చుట్టాడు. మేం తలలు వంచుకుని వినేవాళ్లం.

"అయితే మసత్లాన్ పట్నం తీసుకెళ్దాం మామా," అన్నాడు క్రిసోఫొరో ఎంతో మర్యాదగా. "సెనోన్ చూసి దాని రోగమేంటో, రేటెంతో చెప్తాడు."

నన్నూ రమ్మన్నారు. క్రిసోఫొరో తన బావమరిది నబోర్‌ను కూడా వెంటబెట్టుకొచ్చాడు. నబోర్ కూడా ట్యూబా ఊదేవాడే. అతనెందుకని గిల్దో అడగలేదు.

మసత్లాన్‌లో పాత వాయిద్యాలు బాగుచేసి అమ్మే సెనోన్ మైనమంతా గీకేశాడు. బూడిద, నిమ్మకాయతో రుద్దితే దాని గరాటులాంటి మూతి అంచున చెక్కిన అక్షరాలు బయటపడ్డాయి. భూతద్దం పెట్టి చూశాడు. "బొహీమియాలో చేసింది. ఇప్పుడిలాంటివి చెయ్యరు." అతుకుల మీద గోరుతో కొట్టి విన్నాడు. మీట నొక్కకుండా ఒక గొట్టాన్ని మెల్లగా బయటికి లాగాడు. సీసా మూత తీసినట్టు ఠప్పుమంది.

"గాలి చుక్కంత కూడా పోవట్లేదు. పాడైందని ఎవరన్నారు?"

"సరిగ్గా చూడు," అన్నాడు గిల్దో. "నేను ఊదుతా, విను."

ఊదాడు. తడి గోనెసంచి ఈడ్చినట్టుంది. ముఖం కందిపోయేదాకా ఊదాడు. ఎవరూ ఆపమనలేదు. చివరికి క్రిసోఫొరో దాన్ని ఆయన భుజం మీంచి తీసి నబోర్‌కిచ్చాడు. నబోర్ ఒక్క ఊపిరి ఊదేసరికి కిటికీ అద్దాలు గడగడలాడాయి.

"ట్యూబాకేం కాలేదు మామా," అన్నాడు క్రిసోఫొరో. "చిల్లు నీ నోట్లో ఉంది."

సెనోన్ నవ్వాపుకోలేక, దాన్ని తనకమ్మితే కొత్త ట్యూబా ధరకు రెండింతలిస్తానన్నాడు.

"ముసలాణ్ణి కూడా కలిపి కొంటే ఎంత తగ్గించమంటావ్?" అన్నాడు క్రిసోఫొరో.

గిల్దో నబోర్ దగ్గర్నుంచి ట్యూబా తీసుకుని, బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని ఊరొచ్చాడు.

ఆదివారం క్రిసోఫొరో ఆయన ఇంటికెళ్లాడు. నేనూ ఉన్నాను. "సెనోన్‌ ఇస్తానన్నంతా నేనే ఇస్తా. నబోర్ ఊదుతాడు. నువ్వు కూర్చుని విందువుగాని."

గిల్దో లోపలికెళ్లి సుత్తి తెచ్చాడు. మా కళ్లముందే కొట్టడం మొదలెట్టాడు. పాత ఇత్తడి, తొందరగా లొంగలేదు. నబోర్‌ చప్పుడు విని వీధిలోంచి పరిగెత్తుకొచ్చి "వద్దు పెద్దాయనా, వద్దు" అని బతిమాలాడు. గిల్దో భార్య ఎదువిగెస్ వంటింట్లోంచి మొక్కజొన్నలు నూరే రాయి మోసుకొచ్చి ఆయన పక్కన పెట్టింది.

"దీంతో కొట్టు. తొందరగా అవుతుంది."

ఆ రేకును పాత సామాన్లవాడు రొయ్యలు తూచే త్రాసులో తూచి పట్టుకెళ్లాడు.

తర్వాత ఆరేళ్లు బతికాడు గిల్దో. పండగకు మా బ్యాండు ఆ వీధిన వెళ్తుంటే గుమ్మంలో కూర్చుని రొయ్యలు తినేవాడు. తలెత్తేవాడు కాదు. క్రిసోఫొరో ఆగి పలకరించబోతే రొయ్య తల నమిలి అతని బూట్ల ముందు ఉమ్మేవాడు.

చనిపోయినరోజు మేమంతా వాయిద్యాలతో వెళ్లాం. ఎదువిగెస్ గుమ్మంలోనే ఆపింది.

"ఊదేవాళ్లెవరూ వద్దు. డోలుంటే చాలు."

క్రిసోఫొరో బాకా పట్టుకుని ఎండలో బయటే నిలబడిపోయాడు. శ్మశానం దాకా నేనొక్కణ్ణే వాయించాను.