నూకల షీటులో లేని పేరు

2004 జూన్‌లో సత్యవేడు పక్కనున్న ఒక బీరు కర్మాగారానికి సీనియర్ కెమిస్టుగా వెళ్లాను. బంధువులెవరైనా ఏం పని అని అడిగితే ల్యాబులో అని చెప్పి ఊరుకునేవాణ్ని. బీరుకు మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో పాటు మా దగ్గర నూకలు కూడా వాడేవాళ్లం. నూకలు విడిగా ఉడికించి బార్లీలో కలిపాక, ఒక చుక్క తెల్ల పింగాణీ పలక మీద వేసి అయోడిన్ కలిపి చూస్తాం. నీలమైతే గంజి ఇంకా చక్కెర కాలేదని అర్థం.

నూకలు ఉడికించే వంటశాలలో ఆపరేటరు మునస్వామి షిఫ్టులో ఆ చుక్క ఎప్పుడూ నీలం కాలేదు. నూకలు నోట్లో వేసుకుని, కొత్త పంటో పాతదో తేల్చి, ఉడికే సమయం మార్చేవాడు. ఎంతసేపని అడిగితే నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది.

తిరుపతిలో కంప్యూటర్లు నేర్పే మా బావమరిది అప్పట్లో ఓపెన్ సోర్స్ అంటూ ఊదరగొట్టేవాడు. ప్రోగ్రాము అందరికీ తెరిచి పెడతారట, బాగుచేసినవాళ్ల పేరు అందులోనే ఉంటుందట. అదే పద్ధతిలో మా బ్రూ షీటును, అంటే ఒక్కో వంటకు కొలతలూ వేడీ రాసే కాగితాన్ని, గోడకు తగిలించాను. మార్పు చెప్పినవారి పేరు రాయడానికి పక్కన ఒక గడి గీశాను.

మునస్వామి మూడు వారాలు దాని వైపు చూడలేదు. ఒక మధ్యాహ్నం వచ్చి, "నా పేరు గూడా రాస్తావా సారూ?" అని అడిగాడు. రాస్తానన్నాను. అంతా చెప్పాడు. షీటులో ఎక్కించి, గడిలో అతని పేరు రాశాను. ఆ వారంలోనే మూడు షిఫ్టుల్లోనూ నీలం కనబడకుండా పోయింది. పొంగిపోయాను.

ఆ డిసెంబరుకు అతనికి యాభై ఎనిమిది నిండి రిటైరు కావాలి. రెండేళ్లు పొడిగిస్తామని మేనేజరు మాటిచ్చి ఉన్నాడు. అతని భార్యకు కిడ్నీలు పాడై చెన్నైలో డయాలసిస్ జరుగుతోంది. ఉద్యోగం ఉన్నంతవరకే ఆ వైద్యం కంపెనీ చూసుకుంటుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ, మెప్పు కోసం ఆ షీటును టైపు చేయించి మేనేజరు ముందు పెట్టాను. కంపెనీ ఫారంలో పేర్ల గడి లేదు, 'తయారుచేసినవారు' అని ఒక్క గీత ఉంది. అక్కడ నేను సంతకం చేశాను. ఆయన దాని మీద కాన్ఫిడెన్షియల్ ముద్ర కొట్టి, ఒక ప్రతి నాకిచ్చి, గోడమీది షీటు తీయించేశాడు. పద్ధతి కాగితం మీదికి వచ్చింది గనుక పొడిగింపు అవసరం లేదని మునస్వామికి ఉత్తరం అందింది. మేనేజరు దగ్గరికి వెళ్లి బతిమాలాను. ఆయన వినలేదు.

చివరి రోజు మునస్వామి ల్యాబుకు వచ్చి ఆ కాగితం చూపించమన్నాడు. చదువు పెద్దగా రాకపోయినా తన పేరు గుర్తుపట్టగలడు. వేలు పెట్టి పైనుంచి కిందిదాకా వెతికాడు.

"నా పేరు యాడుండాది సారూ?"

కాగితం తీసి సొరుగులో పెట్టేశాను.

ఎండాకాలం రాకముందే అతని భార్య చనిపోయింది. పరామర్శకు వెళితే నాకు కుర్చీ వేసి మంచినీళ్లిచ్చాడు. కాగితం మాట ఎత్తలేదు.

ఆ తర్వాత సర్వీసులో ఎవరి పనితనాన్నైనా కాగితం మీద పెట్టాల్సి వస్తే, అది చెప్పేశాక ఆ మనిషికి ఏం మిగులుతుందో ముందు కనుక్కునేవాణ్ని. పేరు రాయడానికి చోటు లేని ఫారం మీద మళ్లీ సంతకం చేయలేదు.