చెల్లమ్మక్క అడిగిన జాగా

కుప్పంలో నా టీ కొట్టు తెరిచి కొత్త టీపొడి ప్యాకెట్టు కత్తిరించగానే, ఒంట్లో అన్నిటికంటే ముందు నా ముక్కు నిద్ర లేస్తుంది. కాస్త తడి గడ్డిలాగా, కాస్త కాలిన చెక్కలాగా ఉండే ఆ ఘాటు నన్ను చెయ్యి పట్టుకుని పుంగనూరు లాక్కుపోతుంది. అక్కడ చెల్లమ్మక్క ఇంకా టీపొడిని అరచేతిలో పోసుకుని వాసన చూస్తూనే ఉంటుంది. "ఇది ఆకు కాదప్పా, ఆకు ఊడ్సినాక మిగిలిన దుమ్ము" అంటుంది. అమ్మడానికొచ్చినవాడు నవ్వుతూ రెండో సంచి విప్పుతాడు.

ఏడో తరగతిలో నాకూ బడికీ ఇద్దరి ఇష్టంతోనే తెగిపోయింది. కొన్నేళ్లు లారీల మీద తిరిగి, తొంభైల చివర్లో చెల్లమ్మక్క టీ కొట్లో టీ మాస్టరుగా చేరాను. అక్క సిలోను టీ తోటల్లో పుట్టింది. వాళ్ల తాత శాంతిపురం వైపు పల్లె నుంచి తెల్లదొరల కాలంలో కూలికి వెళ్లాడట. తర్వాత రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి. ఆ తోటల్లో కొందరిని మన దేశం తన పౌరులుగా ఒప్పుకుని వెనక్కి పిలుచుకుంది. అక్కా, వాళ్లాయనా మన దేశపు పాస్‌పోర్టుతోనే ఓడ దిగారు. తాత ఊరికి పోతే గుర్తుపట్టే మొహం ఒక్కటీ లేదు. పని వెతుక్కుంటూ పుంగనూరు చేరి అక్కడే ఆగిపోయారు. వాళ్లాయన అక్కడే పోయాడు. ఇదంతా మా వీధిలో అందరికీ తెలుసు. తెలిసిన సంగతి సమయానికి నోట్లోంచి సరిగ్గా రావడం మాత్రం వేరే విద్య.

మా వైపు సర్కారు మనిషి ఎదుట నిలబడటానికి ఒక పద్ధతి ఉంది. భుజం మీది తువ్వాలు చంకలోకి దిగుతుంది. గొంతు సగానికి తగ్గుతుంది. ఆ తర్వాత మన నిస్సహాయత ఎంత పెద్దదో వర్ణించాలి. ఈ విద్యలో మా ఎదురింటి టైలరు గంగులప్ప ఆరితేరినవాడు. పుంగనూరు కొళాయిల్లో నీళ్లు రోజు మార్చి రోజు వచ్చేవి. గంగులప్ప కళ్లలో మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చేవి. రేషన్ కార్డు దగ్గర్నుంచి కరెంటు స్తంభం దాకా వీధికి ఏది కావాలన్నా ఆయన్నే ముందు నిలబెట్టేవాళ్లం.

రెండు వేలు దాటిన కొత్తలో రోడ్డు వెడల్పు చేయాలని మా ఇళ్లు తీసేస్తామన్నారు. బదులుగా ఊరి బయట ఇంటి జాగా ఇస్తారట. ఈ దేశ పౌరులై, ఆ వీధిలోనే కాపురముంటున్నవాళ్లకు మాత్రమే. విచారణకు వచ్చినాయన ఇంటింటి ముందూ నిలబడి ఇరుగుపొరుగును అడుగుతూ పోయాడు. ఆ పొద్దు చెల్లమ్మక్క కంటి డాక్టరును చూడటానికి మదనపల్లె వెళ్లింది. ఆమె తరఫున మాట్లాడటానికి గంగులప్ప ఉండగా ఎవరికీ దిగుల్లేదు.

"పాపం సార్, మొగుడు పోయిన ఆడమనిషి" అని మొదలుపెట్టాడు. "సముద్రం దాటొచ్చింది సార్. కాందిశీకురాలు."

"అంటే ఈ దేశం మనిషి కాదా?"

"యాడ సార్! ఈ దేశంలో ఆమెకు నా అన్నోళ్లు లేరు, ఏమీ లేదు. మీరే దిక్కు!"

ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. గంగులప్ప తన పాత ఏడుపులన్నిటినీ మించిపోయాడని నేనూ అనుకున్నాను. విచారణకొచ్చినాయన ఆ మాటలన్నీ ఓపిగ్గా రాసుకున్నాడు.

కొన్నాళ్లకు జాగాలు వచ్చినవాళ్ల పేర్లు అంటించారు. వీధంతా ఉంది, చెల్లమ్మక్క లేదు. ఆమె విదేశీయురాలనీ, కాందిశీకులకు ఈ జాగాలు వర్తించవనీ చెప్పారు.

గంగులప్ప కొట్లో పొయ్యి ముందుకొచ్చి తలవంచుకుని నిలబడ్డాడు. ఈసారి నీళ్లు నిజంగానే వచ్చాయి. "అక్కా, నీ మేలు కోరే కదా సెప్పినా..."

"తెలుసులేప్పా. టీ తాగు" అంది ఆమె. "తాగినాక ఒకటి సెప్పు. రేపు ఎవరి బిడ్డకన్నా సంబంధం మాట్లాడను పోతే, జాలి పడతారని బిడ్డకు కాళ్లు లేవంటావా?"

గంగులప్పకు గొంతులో టీ పొరబోయింది. నవ్వొచ్చిందో, ఏడుపొచ్చిందో నాకు తెలియలేదు.

అక్కా నేనూ మదనపల్లె ఆఫీసుకు వెళ్లాం. అక్కడి అధికారి మంచివాడే. పాత పాస్‌పోర్టు చూశాడు, చెప్పిందంతా విన్నాడు. "విచారణ మళ్లీ చేయించాలంటే ఆలస్యమవుతుంది. ఈలోగా రోడ్డు పని ఆగదు. ఒక పని చేద్దాం. దిక్కులేని కాందిశీకురాలు, దయ చూపండని నేను పైకి రాస్తాను. మీరు ఒప్పుకుని సంతకం పెడితే ఎక్కడో ఒక గది దొరుకుతుంది" అన్నాడు.

"అక్కా, పెట్టేయ్" అని నేను గొణిగాను.

ఆమె పెన్ను ముట్టుకోలేదు. "వద్దు సార్" అంది. "నేను పుట్టిన తావులో ఉండేవాళ్లు మీది ఇండియా, పొండి అనిరి. ఈడికొస్తే నీది సిలోను అంటాండారు. ఇద్దరూ అట్లంటే నేను యాడ నిలబడాల, సముద్రంలోనా? ఆ దయ ఎవరికన్నా దిక్కులేనోళ్లకు పెట్టండి. నాకు మా వీధిలో అందరికీ ఇచ్చినట్ల ఇయ్యండి. ఇయ్యము అంటే, ఏల ఇయ్యరో సెప్పండి."

ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. కొట్లో పాలవాడితో మాట్లాడే గొంతే అది. ఆయన పెన్నుకు మూత పెట్టి, విచారణ మళ్లీ చేయిస్తానన్నాడు.

తిరుగు బస్సులో నేనే తిట్టుకుంటూ కూర్చున్నాను. "చేతికొచ్చిన గది పారేస్తివే! రేపు ఇల్లు పడగొడితే యాడ పడుకుంటావు, బాయిలర్‌లోనా?"

"పడుకుంటా. నువ్వు ఉడకబెట్టకుంటే సాలు" అని నవ్వింది. తర్వాత కిటికీ వైపు తిరిగి, "ఆ మాటకు సంతకం పెట్టినానంటే, సచ్చినాక కూడా ఈ ఊరికి నేను వచ్చిపోయే సుట్టాన్నే సీనప్పా" అంది. పుంగనూరులో దిగాం.

ఇళ్లు పడగొట్టే యంత్రం ముందొచ్చింది, విచారణ తర్వాత వచ్చింది. వీధివాళ్లు తమ కొత్త జాగాల్లో రేకులు వేసుకుంటుంటే, అక్క ఒక ట్రంకుపెట్టె, రెండు గిన్నెలతో, రోడ్డు కొలతలో పడని టీ కొట్టు వెనక చేరింది. నేను జోకులు మానేశాను. "ఏమప్పా, నోటికి సెలవా?" అని ఆమే నన్ను ఎగతాళి చేసేది.

చివరికి మళ్లీ విచారణకు ఇంకొకాయన వచ్చాడు. కూలిన గోడల మధ్య నిలబడి, "ఈమె ఎవరు?" అని గంగులప్పను అడిగాడు. అలవాటు చొప్పున తువ్వాలు చంకలోకి దిగింది. కళ్లు నిండాయి.

"గంగులప్పా" అంది అక్క మెల్లగా. "తువ్వాలు భుజం మీద ఏసుకో."

ఆయన వేసుకున్నాడు. ఏడుపు తీసేస్తే ఆయన దగ్గర మాటలే మిగలవని అనుకున్నాను. మిగిలాయి. "చెల్లమ్మ సార్. మా ఎదురిల్లు. వాళ్లాయన పోతే మోసినోళ్లలో నేనొకణ్ణి. ఈమె ఈ వీధి మనిషే" అన్నాడు.

విచారణకొచ్చినాయన నా వైపు తిరిగాడు. అధికారులను నవ్వించి పని చేయించుకోవడం నా పద్ధతి. నాలుక చివర ఒక చమత్కారం సిద్ధంగానే ఉంది. "మా ఓనరమ్మ సార్. ఈ ఊరామె" అని మాత్రం అన్నాను. నా జన్మలో అంత పొట్టి మాట నేనెప్పుడూ మాట్లాడలేదు.

జాగా వచ్చింది. అందరికంటే ఆలస్యంగా, అందరికంటే చివర, బండరాళ్ల గుట్టకు ఆనుకుని. ఆ కబురు విని గంగులప్ప పరుగెత్తుకొచ్చి, "సార్ దయ అక్కా, సార్ దయ!" అన్నాడు.

"దయ కాదప్పా, జాగా" అంది చెల్లమ్మక్క.

ఆ గుట్ట పక్క రేకుల ఇంట్లో ఆమె ఆ ఊరి సొంత మనిషిగా బతికి, సొంత మనిషిగానే పోయింది. నేను కుప్పం వచ్చి కొట్టు పెట్టుకున్నాను. లైసెన్సుకో, ఇంకో పనికో ఏదో ఒక ఆఫీసు గడప తొక్కక తప్పదు. బల్ల ముందుకు రాగానే నా గొంతు కూడా కిందికి జారాలని చూస్తుంది. నవ్వించడానికి ఏదో ఒక మాట పెదాల దాకా వస్తుంది. రెండింటినీ మింగి, నాకు రావలసింది ఏమిటో చెప్పి నిలబడతాను. కొన్నిసార్లు పని అవుతుంది, కొన్నిసార్లు కాదు. కానప్పుడు కూడా, లోపలికి ఎంత ఎత్తున వెళ్లానో బయటికి అంతే ఎత్తున వస్తాను.