ఎవరి పళ్ళు తోముతరు?

ఇంగ్లీషులో మాట్లాడడం నేర్చుకుందామని కాకినాడ నుంచి అశోక్‌నగర్ వచ్చి వారమైంది. ఈలోగా నాతో తెలుగులో మాట్లాడేవాళ్ళే కరువయ్యారు. ఆ మధ్యాహ్నం చిక్కడపల్లిలో, కడుతున్న ఓ ఇంటి మెట్ల మీద కూర్చుని, "ఐ బ్రష్ మై టీత్, ఐ వాష్ మై హ్యాండ్స్" అని ఎదుటి గోడకు పాఠం ఒప్పజెబుతున్నాను.

పక్కనే భోజనానికి కూర్చున్న కూలీ అక్క అడిగింది. "ఎవరితోటి మాట్లాడుతున్నవ్ తమ్మీ?"

"ఇంగ్లీషు అక్కా. నా పళ్ళు తోముకున్నాను, నా చేతులు కడుక్కున్నాను అనాలట. 'నా' లేకపోతే తప్పట."

"మరి పక్కోళ్ళ పండ్లు తోముతరా ఏంది?" అని నవ్వి, జొన్నరొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టింది. "తిను. మా దిక్కు పక్కన మనిషుంటే ఒక్కలం తినం."

మర్నాడు ఇద్దరికి సరిపడా పూరీలు కట్టించుకుని వెళ్ళాను. ఇక్కడ పనైపోయి అక్కవాళ్ళు ఇంకో ఇంటి పనికి దోమలగూడ పోయారన్నాడు వాచ్‌మన్. పూరీలు చల్లారకముందే అక్క కనబడుతుందేమోనని, కడుతున్న ప్రతి ఇంటి ముందూ ఆగుతూ దోమలగూడంతా నడిచాను.