తిన్నంకనే రైట్ రైట్

ఆ రోజు సిద్దిపేట నుంచి చేర్యాల చేరేలోపు మూడుసార్లు బస్సు పక్కకు ఆపి దిగాను. మూడోసారి మళ్లీ ఎక్కుతుంటే మా కండక్టర్ సలీం భాయ్ అన్నాడు: "రాజన్నా, మనది ఊరూరికి ఆగే బస్సే గని, చెట్టు చెట్టుకు ఆగే బస్సు గాదు." బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను. కానీ నెల రోజులుగా ఎన్ని నీళ్లు తాగినా నోరు ఎండిపోతూనే ఉంది. రాత్రి పడుకుంటే అరికాళ్లు మంట. నా భార్య స్వరూప ఊరుకోలేదు, మరునాడు పరగడుపునే రక్తపరీక్షకు తీసుకుపోయింది.

ఫాస్టింగ్ షుగర్ రెండు వందల ముప్పై. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సి తొమ్మిదిన్నర. డాక్టరమ్మ రెండు రకాల గోలీలు రాశారు. "ఇవి పొద్దున టిఫిన్‌కు ముందు వేసుకోండి. రోజూ అరగంట నడవండి, అలవాటయ్యాక మెల్లగా పరుగెత్తండి. రోజూ ఒకే టైంకి చేయాలి" అన్నారు. తలూపి వచ్చేశాను. మా ఇంట్లో రోజూ ఒకే టైంకి జరిగేది పాల ప్యాకెట్ రావడం ఒక్కటే. నాకు ఒక వారం తెల్లవారుజామున మొదటి బస్సు, ఇంకో వారం మధ్యాహ్నం ఎక్కి రాత్రి దిగడం. ఎవరైనా సెలవు పెడితే వాళ్ల డ్యూటీ కూడా నాదే. ఇవేవీ ఆమెకు చెప్పలేదు. రోగం నాది, డ్యూటీ గోల ఆమెకెందుకనుకున్నాను.

మధ్యాహ్నం డ్యూటీ వారాల్లో పొద్దున కాలేజీ గ్రౌండ్‌లో పరుగెత్తేవాడిని. చంద్లాపూర్‌లో నైట్ హాల్ట్ పడితే, తెల్లారగానే రిజర్వాయర్ పక్క రోడ్డు. మొదటి బస్సు వారాల్లోనే చిక్కు. చివరికి చేర్యాలలో బస్సు ఆగే నలభై నిమిషాలు పట్టుకున్నాను. ముందు టిఫిన్, తర్వాత ఖాకీ ప్యాంటుతోనే బస్టాండు వెనక పరుగు. ఒక పెద్దమ్మ నన్నాపి, "బస్సు నడిపేది నువ్వే గదా బిడ్డా, మల్ల ఎవ్వలెంబడి ఉర్కుతున్నవ్?" అని అడిగింది. మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను, షుగర్ కూడా దిగింది. ఒక్కరోజు మానితే ఏదో పోయినట్టుండేది. కొంచెం పొగరు కూడా వచ్చింది, ఒప్పుకుంటాను.

ఆ పొగరే ముంచింది. ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పొద్దున అన్నారు కదా అని ఎప్పటిలాగే గోలీలు వేసుకుని డ్యూటీ ఎక్కాను. దారిలో టైరు పంక్చరై చేర్యాలకు ఆలస్యంగా చేరాం. ఇరవై నిమిషాలే మిగిలాయి. తినడమా, పరుగెత్తడమా? పరుగెత్తాను. చెమటలు పోస్తుంటే పరుగు చెమటే అనుకున్నాను. సీట్లో కూర్చున్నాక తాళం చేతిలోంచి జారింది. తీసి పెట్టబోతే మళ్లీ జారింది. వెనక నుంచి సలీం భాయ్ "రైట్ రైట్" అన్నాడు.

నేను తిరిగి, "భాయ్, మనమిప్పుడు ఎటు పోవాలె?" అని అడిగానట. పదకొండేళ్లుగా నడుపుతున్న రూటది.

సలీం భాయ్ ముందుకొచ్చి తాళం తీసుకుని, "దిగు రాజన్నా" అన్నాడు. హోటల్లో చాయ్‌లో నాలుగు చెంచాల చక్కెర వేయించి తాగించాడు, పక్కనున్న క్లినిక్‌కు నడిపించాడు. చాయ్ తాగాక కూడా షుగర్ మీటర్ యాభై ఐదు చూపించింది. "హైపో అయింది, షుగర్ బాగా పడిపోయింది. ఇంకో పావుగంట అయితే స్పృహ తప్పేవారు" అన్నాడు అక్కడి డాక్టర్. ఆ పావుగంటలో నేను బస్సులో నలభై మందితో రోడ్డు మీద ఉండేవాణ్ని.

అయినా సిగ్గులేకుండా అడిగాను: "భాయ్, డిపోల చెప్పకు. స్టీరింగ్ పోతది."

"నేను చెప్ప. నువ్వే చెప్పు. చెప్పినంకనే నీ బండెక్కుత" అన్నాడు.

చెప్పాను. డాక్టర్ సర్టిఫికెట్ తెచ్చేదాకా బస్సు ముట్టుకోవద్దన్నారు. ఇరవై రెండేళ్లు డ్రైవర్‌గా చేసినవాణ్ని గ్యారేజీలో టైర్ల గాలి చూస్తూ కూర్చున్నాను. భయంతో పరుగు మానేశాను. షుగర్ మళ్లీ ఎక్కింది. ఇక స్టీరింగ్ రాదనుకుని ఒకరోజు అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. స్వరూప నీళ్ల గ్లాసు ముందుకు జరిపి, "ఉరుకుడు తప్పు గాదయ్యా, తినక ఉరుకుడు తప్పు. గా డ్యూటీ చార్ట్ పట్టుకొని నడువు, డాక్టరమ్మకు సూపిద్దాం" అంది.

డాక్టరమ్మ చార్ట్‌ను చాలాసేపు చూశారు. "నాలుగింటికి గోలీ, ఏడున్నరకు టిఫినా? ఇది మొదటిరోజే ఎందుకు చెప్పలేదు?" అన్నారు. తర్వాత ఆమే, "నేనూ అడగాల్సింది" అన్నారు. షుగర్ ఒక్కసారిగా పడగొట్టే గోలీ తీసేశారు. మిగిలింది తిండితోనే వేసుకోమన్నారు. "గడియారం చూసి కాదు, పళ్లెం చూసి వేసుకోండి. తినకుండా పరుగు లేదు. నిద్ర లేని రోజు పరుగే లేదు."

ఆరు వారాల తర్వాత స్టీరింగ్ తిరిగి ఇచ్చారు. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు పరుగెత్తుతున్నాను, ఏ నాలుగనేది చార్ట్ వచ్చాకే తేలుతుంది. జేబులో గ్లూకోజ్ పొట్లం ఉంటుంది. చేర్యాలలో సలీం భాయ్ మొదట "తిన్నవా?" అంటాడు, తర్వాతే "రైట్ రైట్" అంటాడు.

షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టర్ దగ్గరికి రిపోర్టులతో పాటు మీ డ్యూటీ చార్ట్ కూడా పట్టుకుపోండి. అడగకపోయినా చూపించండి.

మొన్న సలీం భాయ్ సెలవు. మళ్లీ ఆలస్యంగానే చేర్యాల చేరాం. కొత్త కండక్టర్ రెండుసార్లు "రైట్ రైట్" అన్నా నేను బస్సు తీయలేదు. దిగి హోటల్ ముందు నిలబడి ఇడ్లీ తింటున్నాను. కిటికీలోంచి ఒకాయన, "ఇంకెంతసేపయ్యా డ్రైవరూ?" అని విసుక్కున్నాడు.

"ఇంకొక్క ఇడ్లీ ఉన్నదే. మీ కోసమే తింటున్న" అన్నాను.