అవ్వ కాలవకిచ్చిన రజను

నా చిన్నప్పుడు మా తాత ప్రొద్దుటూరులో బంగారు పని చేసేవారు. మేముండే వీధంతా కంసాలి అంగళ్ళే. నన్ను బడికి పంపలేదు. తాతే అంగడి అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు. ఆయనకు ఎన్ని దండాలు పెట్టినా చాలవు. ఆ అరుగు మీద నుంచే, రోజూ తెల్లారి మట్టి ఊడ్చుకోవడానికి వచ్చే ఒక అవ్వను చూస్తూ పెరిగాను. అంగళ్ళ ముందు దుమ్మూ కాలవలో బురదా ఎత్తి, చెక్క మరిగెలో కడిగి, అడుగున మిగిలిన బంగారు రజనును అమ్ముకోవడమే ఆమె బతుకు. వేరే ఆధారం లేదు.

ఆమెది గుట్టల్లోని గూడెం. అక్కడివాళ్ళు తరతరాలుగా వాగు ఇసుకలో రజను కడుక్కునేవారట. అది చూసి కుంపినీవాళ్ళు వచ్చి గనులు తవ్వారు. గూడెం లేచిపోయింది, ఆ చోట పట్నం వెలిసింది. గూడెపువాళ్ళు తమ గుట్టలోనే కూలీలయ్యారు. బంగారం అయిపోయాక పట్నమూ ఖాళీ అయింది. వాగు నీళ్ళు మాత్రం మళ్ళీ తాగేందుకు పనికిరాలేదట. ఇదంతా ఆమె ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పేది.

ఒకనాడు అంగళ్ళవాళ్ళంతా కలిసి వీధి మట్టిని డబ్బు కట్టిన ఒకాయనకు గుత్తకిచ్చేశారు. ఆ మాట ఆమెకు చెప్పడం మా తాత వంతయింది.

"రేపట్నుంచి రావద్దులేమ్మా. మట్టి గుత్తకిచ్చినారు" అన్నారు, తల ఎత్తకుండా.

ఆమె చీపురు ఆపలేదు. "మా గుట్టనూ ఇట్లనే ఇచ్చినారు సామీ. మాకు చెప్పను గూడా చెప్పలే. నువ్వే నయం."

తాత చేతిలోని పని కింద పెట్టేశారు. ఆ పూట మళ్ళీ ముట్టుకోలేదు.

అవ్వ ఎప్పటిలాగే మట్టి కడిగింది. కడిగాక, మిగిలిన రజనులో చిటికెడు తడివేలితో తీసి కాలవలో వదిలింది. నేలతల్లి దగ్గర తీసుకున్నదాంట్లో కొంచెం తిరిగి ఇచ్చేయడం వాళ్ళ గూడెపు ఆచారం. నాకప్పుడు అది అర్థం కాలేదు.

"రేపు గుత్తాయన ఎత్తుకుంటాడు గదా అవ్వా, ఎందుకేస్తాండావు?"

"ఎత్తుకోనీలే పాపా. నేనిచ్చేది వానికా?"

మరిగె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ వీధిలో కనబడలేదు. నాకు ఏడుపు రాలేదు. పలక మీద దిద్దుతూనే ఉన్నాను.

దేవుడు నాకు చాలానే ఇచ్చాడు, కొంత తీసుకున్నాడు. మా ఆయన పోయినప్పుడు మనసు మొద్దుబారి, ఇంట్లో ఎవరు ఏమంటున్నారో కూడా తెలియలేదు. అయినా తెల్లారగానే పెరట్లోకి వెళ్ళి గుప్పెడు నూకలు చల్లాను. ఇప్పటికీ రోజూ చల్లుతాను. చల్లేసి లోపలికి వచ్చేస్తాను. ఏ పిట్ట తిన్నదో చూడను.