పత్రికలకు పాస్ పర్సెంటేజ్

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో దేనికైనా సరే ఒక పాస్ పర్సెంటేజ్ ఉంటుంది, అది ఎక్కువుంటే మంచిది, తక్కువుంటే చెడ్డది. ఇందులో తప్పంతా నాది కాదు. ఎమ్మెస్సీ లెక్కలు పూర్తికాగానే ఇబ్రహీంపట్నం దాటాక గుట్టల పక్కనున్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. మా కాలేజీ గేటు మీద కాలేజీ పేరు కన్నా పెద్ద అక్షరాలతో ఆ ఏటి పాస్ పర్సెంటేజ్ ఫ్లెక్సీ వేలాడుతుండేది. పరీక్షా ఫలితాలు రాగానే ఏ లెక్చరర్ సబ్జెక్టులో నూటికి ఎంతమంది గట్టెక్కారో పట్టిక గీసి, ఎక్కువున్నవాళ్లకు ఆకుపచ్చ, తక్కువున్నవాళ్లకు ఎరుపు రంగు వేయాలి. ఆ పని కొత్తగా వచ్చిన నా నెత్తిన పడింది. తుర్కయాంజాల్ నుంచి షేర్ ఆటోలో వస్తూ, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని శ్రద్ధగా రంగులు వేసేదాన్ని. స్టాఫ్‌రూంలో నాకు 'పర్సెంటేజ్ మేడం' అని పేరు పడింది. (అది వెక్కిరింపని తెలియడానికి ఏడాది పట్టింది. అప్పటిదాకా తెగ మురిసిపోయాను.)

మా డిపార్ట్‌మెంట్లో అందరికన్నా పెద్దాయన చాక్‌పీస్ సార్. మహేశ్వరం దగ్గరి పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చేవారు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట చాక్‌పీసు ఉండేది, అందుకే ఆ పేరు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. ఆ రెండేళ్లూ పాఠం చెప్పి వెళ్లిపోవాలన్నది ఒక్కటే ఆయన కోరిక. నన్ను "బేటీ" అని పిలిచేవారు, నేను బోర్డు మీద తప్పు చేస్తే పిల్లల ముందు కాకుండా మెట్ల దగ్గర ఆపి చెప్పేవారు.

అలా ఉండగా తనిఖీ కమిటీ వస్తోందన్నారు. ఈసారి పాస్ పర్సెంటేజ్ ఒక్కటే సరిపోదట, లెక్చరర్ల పరిశోధన కూడా చూస్తారట. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, లెక్కల పరిశోధన వ్యాసాలు అచ్చువేసే పత్రికలూ సదస్సులూ అన్నింటికీ ఏ నుంచి డి దాకా గ్రేడులు వేసి మూడు రోజుల్లో ఇమ్మన్నారు. ఎవరి వ్యాసం ఏ గ్రేడు పత్రికలో వచ్చిందో చూసి మార్కులు, ఆ మార్కుల్ని బట్టి వచ్చే ఏడాదికి ఉద్యోగం కొనసాగింపు. ఇంత పని నాలుగు నెలల సర్వీసున్న పిల్ల చేతిలో పెట్టడం తప్పని ఆయనకు తోచలేదు, ఎవరినైనా అడగాలని నాకూ తోచలేదు. ఇంటర్నెట్ తెరిచాను. వెతగ్గా వెతగ్గా ఒకచోట నా ప్రాణం లేచివచ్చింది. ఫలానా పత్రిక తనకు వచ్చిన వ్యాసాల్లో నూటికి ఎన్ని అచ్చువేస్తుందో రాసి ఉంది. ఇంకేముంది, పాస్ పర్సెంటేజ్! నూటికి తొంభై తీసుకునేవి ఏ గ్రేడు. నూటికి ఐదో ఆరో తీసుకుని మిగతావి వెనక్కి తిప్పికొట్టేవి డి గ్రేడు, ఎరుపు రంగు.

నేను రంగులు వేస్తుంటే చాక్‌పీస్ సార్ అటుగా వచ్చి, "ఏం జేస్తున్నవ్ బేటీ?" అని అడిగారు. "పత్రికలకు రిజల్ట్ అనాలిసిస్ సార్" అన్నాను. "అచ్ఛా" అని క్లాసుకు వెళ్లిపోయారు. పాపం, అదేమిటో ఆయనకు మాత్రం ఎలా అర్థమవుతుంది?

సదస్సుల్లో మొదటి ర్యాంకు దేనికి వచ్చిందో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. అంతకు ముందు నెలలో నేను పెద్ద అంబర్‌పేట్‌లో ఒక ఫంక్షన్ హాల్లో జరిగిన అంతర్జాతీయ సదస్సుకు వెళ్లాను. (నేపాల్ నుంచి ఒకాయన రావాల్సి ఉండింది. రాలేదు. బ్యానర్ మాత్రం అలాగే ఉంచారు.) మనిషికి ఐదు నిమిషాలు, నా ముందు కోళ్ల దాణా, నా తర్వాత సిమెంటు కాంక్రీటు, మధ్యలో నా మాట్రిక్సులు. వ్యాసం పంపిన ప్రతి ఒక్కరికీ సర్టిఫికెట్టు, స్టీలు నీళ్ల సీసా. నూటికి నూరు! ఏ గ్రేడులో అగ్రస్థానం. ఆ లెక్కన డిపార్ట్‌మెంట్లో అందరికన్నా ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి. కాస్త ఆశ్చర్యపడ్డ మాట నిజమే కానీ, లెక్క అలా వచ్చింది, నేనేం చేసేది అనుకున్నాను.

చైర్మన్ సాబ్ ఆ జాబితా చూసి తెగ సంబరపడ్డారు. ఆయనది తాతలనాటి నుంచి వ్యవసాయం చేసిన కుటుంబం, ఇప్పుడు ప్లాట్ల వెంచర్లు, వాటి మధ్యలో మా కాలేజీ. "శభాష్ మేడం! నూటికి ఐదుగురే పాసైతే గదేం పత్రిక? మన కాలేజి గట్లుంటే ఎన్నడో తాళం వడుతుండె" అని సంతకం పెట్టేశారు. జాబితా నోటీసు బోర్డెక్కింది. అందరికన్నా కింద చాక్‌పీస్ సార్ పేరు. ఆయన జీవితమంతటిలో అచ్చయింది ఒకే ఒక్క వ్యాసం, అదీ నేను ఎరుపు రంగు వేసిన డి గ్రేడు పత్రికలో. ఆ సాయంత్రమే ఆఫీసు నుంచి ఆయనకు కాగితం వచ్చింది, జూన్ నుంచి రావలసిన అవసరం లేదని.

ఆయన కళ్లద్దాలు పైకి జరుపుకుని బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డారు. నేను పక్కకు వెళ్లి ఏదో గొణిగాను. ఆయన నావైపు తిరిగి, "లెక్క తప్పులేదు బేటీ. కూడికలన్ని సక్కగనే ఉన్నయి" అన్నారు. ఆ మాట మెచ్చుకోలు కాదని మాత్రం ఆ క్షణంలోనే అర్థమైంది. "మరేం తప్పు సార్?" అని అడిగాను.

"మన తాన పిల్లలు పాస్ గావాలె. ఆ పత్రికల తాన తప్పులు పాస్ గావద్దు. గంతే ఫరక్" అన్నారు. తర్వాత మెట్ల మీద కూర్చుని చెప్పారు. ఆ పత్రికవాళ్లు ఆయన వ్యాసాన్ని మూడుసార్లు వెనక్కి పంపారట. రెండో పేజీలో, రుజువులో ఒక మెట్టు నిలబడదని పట్టుకున్నారట. దాన్ని నిలబెట్టడానికి రెండేళ్లు పట్టిందట. "గా రెండేండ్లల్ల నేర్సుకున్నంత నేను యాడ నేర్సుకోలె. ఎవరో మొఖం తెల్వనోడు నా లెక్క గంత ఓపికతోని సదివిండు, జర ఆలోచన జెయ్." నా నీళ్ల సీసా వ్యాసాన్ని ఒక్కరంటే ఒక్కరూ చదవలేదని ఆ క్షణం దాకా నాకు తట్టనే లేదు. చైర్మన్ సాబ్‌కు చెబుతానంటే ఆయన చేతులూపారు. "వద్దు బేటీ. కమిటీ ముంగట లొల్లి ఎందుకు? నీ నౌకరి గూడ వోతది."

పోతుందేమోనని భయపడుతూనే వెళ్లాను. వ్యాసమంటే ఏమిటో, అచ్చుకు ముందు తప్పులు పట్టే సమీక్ష అంటే ఏమిటో, చాక్‌పీస్ సార్ వ్యాసం ఎలా అచ్చయిందో పది నిమిషాలు చెప్పాను. చైర్మన్ సాబ్ ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు. చివరికి ఏడుపొచ్చే స్థితిలో అడిగాను. "సార్, అడిగినోళ్లందరికీ స్టాంపు కొట్టిచ్చే లేఅవుట్ మంచిదా, పదిసార్లు కొలిచి, కొర్రీలు పెట్టి, తిప్పి పంపి అప్పుడు అప్రూవల్ ఇచ్చే లేఅవుట్ మంచిదా?"

ఆయన ఫోన్ పక్కన పెట్టారు. "సారుది అప్రూవల్ లేఅవుటా?"

"అవ్ సార్."

"మరి నీ సదస్సు?"

"చెరువుల కట్టిన వెంచర్ సార్."

ఆయన నవ్వు వరండా దాకా వినిపించింది. నవ్వు ఆగాక, "మరి లిస్టు తిరగేస్తే నువ్వే కిందికి వడ్తవ్ గద. ఫికర్ లేదా?" అన్నారు. ఉందనే చెప్పాను, ఎందుకంటే బోలెడంత ఉంది. ఆయన మళ్లీ ఫోన్ అందుకుంటూ, "సారు కాయిదం చింపేస్త. నీ సంగతి ఏడాది చూస్త. పో, లిస్టు తిరగెయ్" అన్నారు.

నేను అక్షరాలా తిరగేశాను. కింది నుంచి పైకి. దాంతో ఇంకా ఒక్క సంచికైనా వెలువడని ఒక కొత్త పత్రిక, ఒక్క వ్యాసమూ తీసుకోనందువల్ల, లోకంలోకెల్లా మొదటి ర్యాంకులో నిలబడింది! చాక్‌పీస్ సార్ అది చూసి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు. "పర్సెంటేజ్ ఇడిసిపెట్టు బేటీ, జర తెరిసి సదువు" అని పక్కన కుర్చీ వేసుకున్నారు. రెండు మధ్యాహ్నాలు ఇద్దరం పత్రికలు ఒక్కొక్కటే తెరిచి చదివాం. చదివేదాన్ని నేను, సగం పేజీకి ఆగి "ఇది ఎట్లొచ్చె?" అని అడిగేది ఆయన. కొత్త జాబితాను నా చేతులతోనే బోర్డుకు గుచ్చాను. పైన సార్ పేరు, అట్టడుగున నాది, పక్కన సున్నా.

సార్ అనుకున్నట్టే ఇంకా రెండేళ్లు పాఠం చెప్పి వెళ్లారు. ఆ రెండేళ్లలో నేను రాసిన మొదటి నిజమైన వ్యాసం మూడుసార్లు వెనక్కి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఆయన చాయ్ తెప్పించి, "ముబారక్ బేటీ, ఎవరో సదివిండ్రు" అనేవారు. ఇప్పుడు నా బల్ల మీదికీ ఎవరెవరి వ్యాసాలో సమీక్షకు వస్తుంటాయి. షేర్ ఆటోలో ఆకుపచ్చ, ఎరుపు రంగులు వేసుకుంటూ మురిసిపోయిన ఆ పర్సెంటేజ్ మేడం ఈ రోజు నా ముందుకు వస్తే ఏ గ్రేడు వేస్తానా అని ఒక్కోసారి అనుకుంటాను. ఏదీ వేయను. తప్పులు గుర్తుపెట్టి, సవరించుకుని మళ్లీ రమ్మని పంపుతాను. పిచ్చిపిల్ల, తప్పకుండా వస్తుంది.